మీరంటే ఎందరు

ఎర్రుపాలెం దగ్గరి పల్లెలో బసవపున్నయ్య ఎద్దుల్ని అదిలించేటప్పుడు కూడా "పదండి, పదండి" అంటాడని ఊరంతా నవ్వుకునేది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. ఆ ఇంట్లో పాలేరునూ మీరు అనేవారు, కొత్త కోడలినీ మీరు అనేవారు. ఎద్దుల సంగతి ఎత్తి ఎవరైనా ఎగతాళి చేస్తే బసవపున్నయ్య ఏమాత్రం చిన్నబోయేవాడు కాదు. "రెండున్నాయి కదయ్యా మరి! ఇద్దరిని పట్టుకుని నువ్వు అని ఎలా అంటాం?" అనేవాడు.

ఆయన కూతురు ప్రసూన మానసిక రోగుల నర్సుగా చదువుకుని సత్తుపల్లిలో ఉద్యోగానికి చేరింది. ఆసుపత్రి దాకా రాలేని రోగులను ఇళ్లకే వెళ్లి చూడటం ఆమె పని. తండ్రి ఇంట్లో అబ్బిన 'మీరు' ఆమెతోపాటే ఉద్యోగానికీ వచ్చింది. ఆ మాట ఒక మనిషికి ఎంత మేలు చేసిందో, ఎంత కీడు చేసిందో తెలియడానికి మాత్రం ఆమెకు ఏడాది పట్టింది.

బొగ్గు కోసం ఖాళీ చేయించిన ఊళ్లవాళ్లకు కట్టిచ్చిన కాలనీ ఒకటుంది అక్కడ. దాని చివరి వరుసలో, వెనక గోడ దాటితే గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్టలు తప్ప మరేమీ కనిపించని ఇంట్లో ఆదినారాయణ ఉండేవాడు. యాభై రెండేళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లు గనిలో మట్టి మోసే డంపర్ నడిపాడు. ఎనిమిదేళ్ల కిందట ఆయనకు, ఎవరూ లేనిచోట గొంతులు వినపడటం మొదలైంది. ఒకటి మగగొంతు. షిఫ్టు ఇన్‌ఛార్జి లాగా "ఒరేయ్ ఆదిగా, డ్యూటీకి రారా" అని పిలిచేది. దాన్ని ఆయన 'సారు' అనేవాడు. రెండోది ఆడగొంతు. అది మాట్లాడేది కాదు; ఆయన నోట్లో ముద్ద పెట్టుకున్నప్పుడల్లా నవ్వేది. దానికి పేరు లేదు. 'ఆమె', అంతే. డాక్టరుగారు చీటీ మీద స్కిజోఫ్రెనియా అని రాశారు. కంపెనీవాళ్లు ఆయన ఇక బండి నడపలేడని తేల్చి, ఆయనకు బదులు కొడుకు సంపత్‌కు గనిలో పని ఇచ్చారు.

గనిలో బ్లాస్టింగ్ చేసే ముందు మధ్యాహ్నం పూట సైరన్ మోగుతుంది. రెండేళ్ల కిందట ఒకనాడు ఆ సైరన్ వినగానే, సారు పిలుస్తున్నాడని, కాళ్లకు చెప్పులైనా లేకుండా నడిచిపోయి డంపర్లు తిరిగే బాట నడిమధ్యన నిలబడ్డాడు ఆదినారాయణ. బండి నడిపే అతను చూసుకుని బ్రేకు తొక్కబట్టి బతికాడు. ఆ సాయంత్రమే సంపత్ బజారుకు పోయి పెద్ద ఇత్తడి తాళం కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి, పొద్దున ఆదినారాయణ భార్య ఉప్పలమ్మ కూలీల ట్రాక్టరెక్కి అశ్వారావుపేట రోడ్డులోని ఆయిల్‌పామ్ తోటకు పనికి వెళ్లేటప్పుడు వెనక గదికి తాళం పడేది. ఆమె తిరిగొచ్చాకే తీసేది.

ప్రసూన మొదటి నెలలోనే సంపత్‌ను నిలేసింది.

"మనిషిని అలా బంధించడం తప్పండీ. ఆయన మీ నాన్నగారు."

"తప్పని నాకు తెల్వదా మేడం?" అన్నాడు సంపత్. ఇరవై ఆరేళ్లవాడు, షిఫ్టు దిగి వచ్చి ఇంకా ముఖం కడుక్కోలేదు. "ఆయన నడిపిన డంపర్లకే ఇయ్యాల నేను డీజిల్ పోస్తున్న. రేపు ఆయన వాటి కింద పడితే ఆ టైర్లు కడగాల్సింది గూడ నేనే. నువ్వొచ్చి కాపలా కూసుంటవా? చెప్పు, ఇప్పుడే తీస్త."

ఆమె తలుపుకున్న తాళం వైపు చూసింది.

"డాక్టరిచ్చిన గోళీలు పనిజేసి, సైరన్ మోగినా ఆయన జాగల నుంచి లేవకుంట ఉన్ననాడు తాళం తీస్త. నా మాట మాటే" అన్నాడు సంపత్.

ఆ తాళం ఊడటమే ప్రసూన తనకు పెట్టుకున్న పని.

మంగళవారం, మంగళవారం వెళ్లేది. ఆమె వెంట ఆశా కార్యకర్త మంగ్లి ఉండేది. అడవి అంచు తండాలో పుట్టి పెరిగిన మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. తలుపు తీస్తూనే, "కాకా, నువ్వు బువ్వ తిన్నవా?" అని సొంత బాబాయిని పిలిచినట్టు పెద్దగా కేకవేసేది. మొదటి రోజే ప్రసూన ఆమెను స్కూటీ దగ్గర పక్కకు పిలిచింది.

"మంగ్లీగారూ, పేషెంట్లను మీరు అనాలండీ. జబ్బు మనిషి కదా అని చులకన చేస్తున్నామనుకుంటారు."

"గారంట గారు!" మంగ్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "చులకన ఎందుకైతది మేడం? డాక్టర్ సారును గూడ నేను నువ్వే అంట గద."

"అదీ మానుకోవాలి."

మంగ్లి మానుకుంది. కానీ ఆ 'మీరు' ఆమె నాలుక మీద నిలవలేదు. దాంతో ఆ ఇంట్లో మాట్లాడటమే మానేసి, తలుపు తీసి గడప దగ్గర కూర్చునేది. అది క్రమశిక్షణ అనుకుంది ప్రసూన.

ఆ మొదటి రోజు ఆమె గదిలోకి వెళ్లి, మంచానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "నమస్కారమండీ. మీరు ఎలా ఉన్నారు?" అని అడిగింది.

ఆదినారాయణ ఎడమకు చూశాడు. కుడికి చూశాడు. అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లలో మెల్లగా నీళ్లు తిరిగాయి.

"బాగనే ఉన్నం" అన్నాడు.

అటూ ఇటూ చూడటాన్ని ఆమె తన పుస్తకంలో జబ్బు లక్షణంగా రాసుకుంది. కళ్లనీళ్లు మాత్రం తన మర్యాద వల్ల వచ్చినవనుకుంది. ఆ రాత్రి ఆయన ఉప్పలమ్మతో, "ఆ మేడం మంచిది. అందర్నీ పలకరిస్తది" అన్నాడట. ఒక సాయంత్రం ఉప్పలమ్మ ఆ మాట చెప్పి ప్రసూన చేతులు పట్టుకుంది.

నెలలు గడిచాయి. ఆయన ఆమె కోసం ఎదురుచూడటం నేర్చుకున్నాడు. మంగళవారం గడ్డం గీసుకునేవాడు. డంపర్‌ను గుట్ట అంచుదాకా ఎలా వెనక్కి తీసుకుపోవాలో చేతులు తిప్పి చూపించేవాడు. "ముందుకు నడుపుడు ఎవరన్న నడుపుతరు మేడం. ఎనకకు పోవుడే పని. అద్దంల కనవడేదంత నమ్మద్దు, నమ్మకుంట ఉండద్దు." ఒకసారి ఉప్పలమ్మ ఇచ్చిన జామపండులో సగం ఆమె కోసం దాచాడు. అప్పటికది నల్లబడిపోయింది. ఆమె తిన్నది.

ఇంత చేసినా జబ్బు మాత్రం వెనక్కి తగ్గలేదు. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని డాక్టరుగారు మూడు మాత్రలు రాశారు. ఉప్పలమ్మ రోజూ చేతికిచ్చేది. అయినా సైరన్ మోగితే చాలు, లోపలినుంచి తలుపు దబదబా బాదుతున్నాడని పక్కింటివాళ్లు చెప్పేవారు.

"మీరు మాత్రలు వేసుకుంటున్నారా?" అని ప్రసూన ప్రతిసారీ అడిగేది.

"నేనైతే ఒక్క దినం తప్పలే. వాళ్ల సంగతి నువ్వే అడుగు."

వాళ్లంటే ఇంట్లోవాళ్లని అనుకుంది ఆమె. ఉప్పలమ్మకు బీపీ ఉంది. "మాత్రలు మానకూడదమ్మా" అని ఉప్పలమ్మకు రెండుసార్లు హితవు చెప్పింది కూడా. "నేనెక్కడ మానిన బిడ్డా?" అని ఆవిడ బిత్తరపోయింది.

ఎనిమిదో నెలలో ఒక మంగళవారం, ఆదినారాయణ ఆమె కూర్చోకముందే లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. చాడీ చెప్పే మనిషిలా గొంతు తగ్గించాడు.

"మేడం, ఇగ నాతోని కాదు. నువ్వే గట్టిగ చెప్పాలె. సారు ఏసుకుంటలేడు. ఆమె గూడ ఏసుకుంటలేదు. ఎన్నిసార్లు చెప్పినా మాట వింటలేరు."

కిటికీ గూట్లో పాత పేపరు ముక్క తొలగించాడు. దాని కింద మూతల్లేని రెండు కొబ్బరినూనె డబ్బాలు. రెండింటి నిండా మాత్రలు. గాలికి, తేమకు కొన్ని పొడిపొడి అయ్యాయి. కొన్ని కొత్తవి, నిన్నటివి.

ప్రసూన ఒక డబ్బా చేతిలోకి తీసుకుని మాత్రలు లెక్కపెట్టబోయింది.

"మూడు ఇస్తరు గద రోజు" అన్నాడు ఆదినారాయణ, ఆమెకు అర్థం కాలేదేమోనని. "మేం ముగ్గురం. నువ్వేగద, మీరు ఏసుకోండి, మీరు ఏసుకోండి అని మల్ల మల్ల చెప్తివి. నాది నేను ఏసుకుంట. వాళ్లవి వాళ్లకు పెడ్త."

గడప దగ్గర మంగ్లి తల తిప్పి చూసింది. బయట ఎక్కడో కోడి కూసింది. ప్రసూనకు తండ్రి మాట గుర్తొచ్చింది: రెండున్నాయి కదయ్యా మరి. ఎనిమిది నెలలుగా ఈయన ఎడమకూ కుడికీ చూసింది జబ్బుతో కాదు. మర్యాద కొద్దీ. మీరు అని పలకరిస్తే, మిగతా ఇద్దరూ విన్నారో లేదోనని చూసుకున్నాడు. మందు సరిగ్గా వేసుకోని రోగి కాడు ఆయన. చెప్పింది చెప్పినట్టు, అక్షరం తప్పకుండా చేసిన రోగి.

ఆ సాయంత్రం సంపత్ కాలనీ మలుపులో ఆగి విషయం విన్నాడు. మొదట నవ్వాడు, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. బైకు హ్యాండిల్ మీద గోటితో గీరాడు. ఆ తర్వాత అతని ముఖంలో ఆశ కనిపించింది.

"గట్లైతే మనకు సులువే గద మేడం! వచ్చే మంగళారం వాళ్లతోని నువ్వే మాట్లాడినట్టు చెయ్. 'సారూ, మీ గోళీలు మీకొద్దు, ఆదినారాయణకు ఇచ్చేయండి' అను. మా నాయిన నీ మాట జవదాటడు. మూడూ కడుపుల పడ్తయి. నెల తిరిగేసరికి తాళం తీసేద్దాం."

ఆ ఉపాయంలో లోపమేమీ కనిపించలేదు ప్రసూనకు. అది ఫలిస్తుంది కూడా. గదికి చేరి, స్టవ్ మీద అన్నం పెట్టి, రోజూ చేసినట్టే తండ్రికి ఫోన్ చేసింది.

"భోజనం చేశారా నాన్నా?"

"ఆ, చేశామమ్మా. బీరకాయ కూర."

తల్లి పద్మావతమ్మ పోయి రెండేళ్లు. బసవపున్నయ్య ఇప్పటికీ చేశాం అనే అంటాడు, వెళ్లాం అంటాడు, పడుకుంటాం అంటాడు. ప్రసూన ఎప్పుడూ సరిదిద్దలేదు. ఆ మాటలో అమ్మ ఉందని ఆమెకు తెలుసు. ఇంట్లో లేదని ఆయనకూ తెలుసు. ఎవరైనా వెళ్లి, "మీ ఆవిడ పక్కనే ఉందండీ, ఈ మాత్ర వేసుకోమంటోంది" అని ఆయనను నమ్మిస్తే? ఆయన మంచికే కావచ్చు. ఆ మనిషిని తను గడప తొక్కనిస్తుందా?

మాత్ర కోసం లేనిమనిషి గొంతు అరువు తెచ్చుకోకూడదనుకుంది. చెడినా సరే.

చెడింది. మంగళవారం నాడు ఆమె ఆదినారాయణకు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మీకు వాళ్లు వినపడుతున్నారు. అది నేను నమ్ముతాను. నాకు మాత్రం వినపడరు, కనపడరు. నేను ఎప్పుడు మీరు అన్నా అది మీ ఒక్కరినే. మా ఇంట్లో పెద్దవాళ్లను అలాగే అంటాం. మిమ్మల్ని తికమకపెట్టాను. తప్పు నాది."

ఆయన ఎడమకూ కుడికీ చూసి, ఆమె వైపు తిరిగాడు.

"మరి ఇన్నొద్దులు వాళ్లను పలకరిస్తివి గద?"

"పలకరించలేదండీ."

"ఊరంత గదే అంటది, ఎవ్వరు లేరని. నువ్వు ఒక్కదానివే అనకపోతివి" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. "నువ్వు గూడ గంతేనా?"

ఆమె కంగారుపడింది. ఆ 'మీరు' వల్లే కదా ఇదంతా, దాన్నే వదిలేస్తే సరి అనుకుంది. "చూడు ఆదినారాయణా, నువ్వు..." అని మొదలుపెట్టింది.

ఆయన మంచం మీద గోడవైపు తిరిగిపోయాడు. "సారు గూడ గిట్లనే పిలుస్తడు" అన్నాడు గోడతో.

ఆ రాత్రినుంచి ఆయన వేసుకునే ఒక్క మాత్ర కూడా మానేశాడు.

"ఉన్నదొక్కటి గూడ బంద్ అయింది. మంచిగ చెప్పినవ్ మేడం నిజం" అన్నాడు సంపత్, ఆమె ఓ సాయంత్రం వాళ్లింటికి వెళ్లినప్పుడు. ఉప్పలమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె చేతుల మీద ఆయిల్‌పామ్ ముళ్లు గీరిన గీతలుండేవి. ఆ చేతులతోనే ప్రసూనకు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఇన్ని జరిగాక కూడా ఆ ఇంట్లో తనకు చాయ్ ఇచ్చేవాళ్లు ఉన్నందుకు, ప్రసూన తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించింది.

తర్వాతి మంగళవారం ఆయన గోడవైపు నుంచి తిరగలేదు. ఆ పైవారం కూడా అంతే. ఆమె అడగడం మానేసింది. మీరు అనలేదు, నువ్వు అనలేదు. ఎలా పిలవాలో తెలియక పీట మీద అలా గంటసేపు కూర్చుని లేచేది. వెళ్తూ వెళ్తూ నీళ్లకుండ నిండుగా ఉందో లేదో చూసేది. లేకపోతే నింపేది.

మూడోవారం స్కూటీ టైరు పంచరైంది. ఎప్పుడూ పొద్దున పదింటికి చేరేవాళ్లు ఆ రోజు ఒంటిగంట దాటాక చేరారు. పంచరు వేసే అతను తిండికి పోయాడని మంగ్లి దారంతా తిట్టింది. ఆ పంచరు ఒక మేలని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

మంగ్లి తాళం తీసి, గడప పక్కన కూర్చుని కాలికి గుచ్చుకున్న తుమ్మముల్లు తీసుకుంటోంది. ప్రసూన పీట మీద కూర్చుంది. సైరన్ మోగింది.

అంత దగ్గరగా దాన్ని ఆమె ఎప్పుడూ వినలేదు. గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. ఆదినారాయణ ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. ఆయన చూపు మారింది. "వస్తున్న సార్" అన్నాడు ఎవరితోనో. లేచి నిలబడ్డాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. గోడ వెనక మట్టిగుట్టలు, వాటి వెనక డంపర్ల బాట.

ప్రసూన కూడా లేచింది. అడ్డం నిలబడితే తోసేస్తాడు. చెయ్యి పట్టుకుంటే ఇంక ఎప్పటికీ నమ్మడు. పిలవాలి. ఏమని పిలవాలి? మీరంటే ముగ్గురు. నువ్వంటే సారు.

ఆయన గడప దాటబోయాడు.

"కాకా!" అంది మంగ్లి ముల్లు మీద నుంచి తల ఎత్తకుండానే. "ఎండల నువ్వు ఏడికి పోతున్నవ్?"

తొమ్మిది నెలలుగా మానుకున్న పిలుపు. ముల్లు ధ్యాసలో పాత అలవాటు బయటికొచ్చింది.

ఆదినారాయణ ఆగాడు. ఒక కాలు గడప అవతల, ఒకటి ఇవతల.

"నన్నేనా?"

"నిన్ను గాక? ఈడ నాకు ఇంకో కాక ఉన్నడా?"

ఆయన ఎడమకు చూశాడు. "సారును పిలుస్తలేవా?"

"నీ సారు నాకేమైతడు?" అంది మంగ్లి విసుగ్గా, చివరికి ముల్లు పీకి పారేస్తూ. "ఆయనెవరో, ఆయన ఊరేదో. నువ్వు నాకు కాకవు. కూసో. కాలు కాల్తది."

అప్పుడే గనిలో బ్లాస్టింగ్ అయింది. నేల ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. గోడమీది మట్టి కాస్త రాలింది. ఆదినారాయణ చెవులు మూసుకుని, ఆ గడప మీదే, మంగ్లి పక్కన, మెల్లగా కూర్చున్నాడు. మంగ్లి తన సీసాలో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగాడు. బాటకు పోలేదు.

ప్రసూన గోడకు ఆనుకుని నిలబడింది.

"మంగ్లీగారూ, ఇన్నాళ్లూ ఈ పిలుపు ఎందుకు పిలవలేదు?"

"మంచిగున్నది! నువ్వేగద మేడం వద్దన్నవ్."

నిజమే, వద్దన్నది ప్రసూనే. చాలా చదివింది. నమ్మకం ఎలా కట్టాలో, ఎలా వినాలో అన్నీ పరీక్షల్లో రాసింది. ఒక మనిషిని ముగ్గురిలోంచి వేరుచేసి, చిన్నబుచ్చకుండా పిలవడానికి ఒక వరస కావాలని మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. బంధువును నువ్వు అంటే అది తక్కువ చేయడం కాదు. సారుకు వరస లేదు. నవ్వే ఆ 'ఆమె'కూ లేదు. వరస ఉన్నది ఈయనొక్కడికే.

ప్రసూన వచ్చి ఆయన ఎదుట, వాకిట్లో నేల మీదే కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి వయసు మనిషిని ఆమె అలా పిలవలేదు. నాలుక తడబడింది.

"కాకా... నువ్వు అన్నం తిన్నావా?"

ఆయన ఎడమకు చూడలేదు. కుడికి చూడలేదు.

"తిన్న" అన్నాడు. మంగ్లి సీసా తిరిగిచ్చేస్తూ, "నేనొక్కన్నే తిన్న."

"నా మీద కోపం ఉందా?"

"ఉంది" అన్నాడు. మంగ్లి కిసుక్కున నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి మానుకున్నాడు. "నీకు నిజంగనే వాళ్లు వినవడరా?"

"వినపడరు కాకా. నీకు వినపడితే చెప్పు, వింటాను. నాకు వినపడినట్టు మాత్రం అబద్ధం ఆడను."

ఆయన గడపను అరచేత్తో రాస్తూ ఆలోచించాడు.

"మరి మూడు గోళీలు?"

ప్రసూన సంచిలోంచి డాక్టరు చీటీ తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదిలిస్తూ చదివాడు. ఆదినారాయణ. కింద మందు పేరు, దాని పక్కన మూడు. అటు తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"సారు పేరు లేదు."

"లేదు."

"ఆమెది గూడ లేదు."

"ఒక్క పేరే ఉంది కాకా. మూడూ నీకే రాశారు."

ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అవ్. బండికి ఒక్కడే ఆపరేటర్ ఉంటడు" అన్నాడు. "పక్కన ఎవడన్న ఎక్కి కూసున్నా ట్రిప్పు నాపేరు మీదనే రాస్తరు."

డబ్బాల్లోని పాత మాత్రలు ప్రసూన సంచిలో వేసుకుంది. ఆ రాత్రి ఆయన ఉప్పలమ్మ చేతిలోంచి మూడూ తీసుకుని, చీటీ మరోసారి చదువుకుని వేసుకున్నాడట.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందనడానికి లేదు. మందుకు మొదట్లో చేతులు వణికాయి, నిద్ర ముంచుకొచ్చింది, డాక్టరుగారు మార్పులు చేశారు. ఒకవారం మళ్లీ మానేశాడు. మంగ్లి రోజు విడిచి రోజు వచ్చి, "కాకా, నువ్వు ఏసుకోకుంటే నేను మీ ఇంట్ల చాయ్ తాగ" అని గడప మీద బైఠాయించింది. ప్రసూన మంగళవారాలు తప్పలేదు. నువ్వు అనడం ఆమెకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. మధ్యలో పొరపాటున మీరు అని దొర్లేది. అప్పుడు ఆదినారాయణే, "ఎవర్నీ?" అని అడిగేవాడు. "నిన్నే కాకా" అని దిద్దుకునేది. అది ఇద్దరి మధ్యా ఒక ఆటలా తయారైంది.

మూడో నెలలో సంపత్ వారం సెలవు రోజున షిఫ్టు బట్టలు ఉతుక్కుని, మధ్యాహ్నం గది తలుపు తెరిచిపెట్టి, వాకిట్లో తండ్రికి ఎదురుగా కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదు. సైరన్ మోగింది. ఆదినారాయణ మంచం పట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి. లేవలేదు. నేల కదిలి, నిలిచింది. పట్టె వదిలి కొడుకు వైపు చూశాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు.

సంపత్ తలూపి, బయటికి పోయి, చాలాసేపు కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడట. ఆ మరుసటి వారం సెలవునాడు కూడా అలాగే కూర్చున్నాడు. ఆ పైవారం కూర్చోవలసిన పని లేకపోయింది.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం ప్రసూన, మంగ్లి వెళ్లేసరికి వెనక గది తలుపు తెరిచే ఉంది. గొళ్లేనికి ఏమీ లేదు. ఆదినారాయణ వాకిట్లో ఎండలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. మంగ్లి అలవాటు కొద్దీ తాళంచెవి తీసి, దాన్ని ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడింది.

"తాళం ఏదమ్మా?" అని అడిగింది ప్రసూన, ఆ పూట పనికి పోకుండా ఇంట్లోనే ఉన్న ఉప్పలమ్మను.

ఉప్పలమ్మ గోడపక్కకు చూపించింది. ఇత్తడి తాళం కోళ్లగూటికి వేలాడుతోంది. "పిల్లి తిరుగుతున్నది బిడ్డా. ఏదో ఒకదానికి పనికిరావాలె గద. ఆ రెండో చెవి నువ్వే ఉంచుకో మంగ్లీ, ఎప్పుడన్న గుడ్లు దీస్కపోదువు."

చాయ్ తాగారు. మధ్యలో సైరన్ మోగింది. ఆదినారాయణ చేతిలో చిక్కుడుకాయ కాసేపు ఆగిపోయింది.

"సారు వచ్చాడా కాకా?" అని అడిగింది ప్రసూన.

"వచ్చిండు" అన్నాడు. "గేటు కాడనే ఉన్నడు. షిఫ్టు దిగిన సార్ అని చెప్పిన." చిక్కుడుకాయ విరిచి గింజలు గిన్నెలో వేశాడు. "ఆమె ఈ నడుమ నవ్వుతలేదు. ఎటు పోయిందో."

అందులో కాస్త దిగులు కూడా ఉంది. ప్రసూన దాన్ని విని, తనూ ఒక చిక్కుడుకాయ అందుకుని ఒలిచింది.

బయలుదేరేటప్పుడు ఆయన లేచి, చెప్పులు వేసుకుని, వాళ్లతో రోడ్డు మలుపుదాకా నడిచాడు. తలుపుకు తాళం పడ్డాక అంతదూరం నడవడం అదే మొదటిసారి. మలుపు దగ్గర ఆగి చెయ్యెత్తాడు.

"పైలం. మీరు మెల్లగ పోండ్రి" అన్నాడు.

స్కూటీ కదిలాక మంగ్లి వెనకనుంచి ప్రసూన భుజం పొడిచింది. "విన్నవా మేడం? నువ్వు దప్ప నన్ను మీరు అన్నోళ్లు ఇంతవరకు లేరు. కాకకు గూడ నీ మర్యాద అంటుకున్నది."

"ఇద్దరం ఉన్నాం కదండీ మరి" అంది ప్రసూన.

అద్దంలో చూస్తే ఆయన ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు. వాళ్లు కనుమరుగయ్యాక మట్టిగుట్టల వైపు తిరగకుండా, వచ్చిన దారినే ఇంటికి నడిచాడు.